ఫుట్‌బాల్ స్టేడియం విస్తరణకు నగరపాలక సంస్థ సొమ్ము పెట్టవచ్చునా?

మూలాపేట వాసి (నెల్లూరు):

2026 ప్రపంచ కప్పు ఫుట్‌బాల్ పోటీలలో ఆరు మ్యాచ్‌లను కెనడాలోని టొరంటో నగరానికి కేటాయించారు. వాటి కోసం అక్కడి బీఎంఓ ఫీల్డ్ స్టేడియం విస్తరణకు దాదాపు 14 కోట్ల 60 లక్షల కెనడా డాలర్లు కేటాయించారనీ, అందులో స్టేడియాన్ని నడిపే ప్రైవేటు సంస్థ ఇచ్చేది 2 కోట్ల 30 లక్షలేననీ చదివాను. స్టేడియం నగరానికి సొంత ఆస్తి కనుక మిగిలిన భారం ప్రజాధనం మీదనే పడింది. ఆతిథ్యానికి అయ్యే మొత్తం ఖర్చు 30 కోట్ల డాలర్లని 2022లో చెప్పినది, రెండేళ్ళు తిరిగేసరికి 38 కోట్లయింది. అక్కడి ఫెడరల్ ప్రభుత్వమూ ఒంటారియో రాష్ట్రమూ చెరి సుమారు పది కోట్ల డాలర్లు ఇవ్వడానికి ఒప్పుకున్నా, తక్కినది నగరమే చూసుకోవాలి.

అక్కడివాళ్ళ తంటాలు వాళ్ళు పడతారు. నా సందేహం మన ఊరి సంగతి. రేపు ఎవరైనా మన ఎ.సి.సుబ్బారెడ్డి స్టేడియంలో ఫుట్‌బాల్ కోసం పెద్ద గ్యాలరీలు, ఫ్లడ్ లైట్లు పెట్టాలనీ, అందులో సగం కార్పొరేషన్ భరించాలనీ ప్రతిపాదిస్తే, ఆస్తి పన్ను కట్టే మనం దానిని సమర్థించాలా, వ్యతిరేకించాలా? అభిమానాన్ని కొంచెం పక్కన పెట్టి, లెక్కలతో చెప్పగలవారు చెప్పవలసిందిగా కోరుతున్నాను.

దర్గామిట్ట నివాసి (నెల్లూరు):

మూలాపేట వాసి గారికి నమస్కారం. మునిసిపల్ లెక్కల విభాగంలో చాలాకాలం పనిచేసినవాడిగా నాకు తోచినది రాస్తున్నాను. ఆటస్థలాలు ఏర్పాటు చేయడం నగరపాలక సంస్థ పనే. 74వ రాజ్యాంగ సవరణతో చేరిన 12వ షెడ్యూలులో పార్కులతో పాటు ఆట మైదానాలను కూడా స్పష్టంగా పేర్కొన్నారు కాబట్టి, ఇది మాకు సంబంధించినది కాదని ఏ కౌన్సిలూ అనలేదు. అయితే పిల్లలు ఆడుకునే మైదానం వేరు, టిక్కెట్టు కొన్నవారు కూర్చునే గ్యాలరీ వేరు. ఈ రెండింటినీ ఒకే పద్దు కింద కలిపి తీర్మానం పెట్టినప్పుడే అనుమానించాలి.

అసలు చిక్కు డబ్బు ఎక్కడి నుంచి తేవాలన్నది. పది లక్షల లోపు జనాభా గల పట్టణాలకు 2021–26 కాలానికి 15వ ఆర్థిక సంఘం సిఫారసు చేసిన గ్రాంట్లలో 60 శాతం తాగునీటికీ, చెత్త నిర్వహణకూ ముడిపెట్టి ఇచ్చినవే. అలా ముడిపెట్టిన సొమ్మును స్టేడియానికి మళ్ళించే వీలు ఉండదు. ఇక ప్రధానంగా మిగిలేది సాధారణ నిధి, అంటే మనం కట్టే ఆస్తి పన్ను, ఖాళీ స్థలాల పన్ను వంటివి. జీతాలు, వీధి దీపాలు, మరమ్మతులు పోగా అందులో మిగిలే సొమ్ము ఎంతో బడ్జెట్ పుస్తకం తిరగేసిన వారికి తెలుసు. 2021 నవంబరులో పెన్నకు వచ్చిన వరదను చూసిన ఊరిలో, గ్యాలరీ కోసం అప్పు తెద్దామనే తీర్మానానికి నేనైతే మద్దతు ఇవ్వను.

అప్పు మాట వచ్చింది కనుక కెనడా సంగతే ఇంకొకటి చెబుతాను. మాంట్రియల్‌లో 1976 ఒలింపిక్స్ కోసం కట్టిన స్టేడియం బాకీ 2006లో గాని తీరలేదు. ముప్పై ఏళ్ళ పాటు పొగాకు మీద పన్ను వేసి తీర్చారు. బాకీ తీరినా బాధ తీరలేదు. ఆ స్టేడియానికి కొత్త పైకప్పు వేయడానికి క్యూబెక్ ప్రభుత్వం 2024లో మరో 87 కోట్ల డాలర్లు ప్రకటించింది. ఇదే ప్రపంచ కప్పు ఆతిథ్యం నుంచి మాంట్రియల్ 2021లో తప్పుకున్నదంటే, రాష్ట్ర ప్రభుత్వం సొమ్ము ఇవ్వనన్నదే అందుకు కారణం.

ఒంగోలు పీఈటీ:

దర్గామిట్ట నివాసి గారి లెక్కలను నేను కాదనను. కానీ వారు మైదానాన్ని ఒక వాక్యంలో దాటేసి గ్యాలరీ దగ్గర ఆగిపోయారు. నా ఉద్యోగమంతా పిల్లలతో మైదానంలోనే గడిచింది కనుక అక్కడి ఇబ్బంది చెప్పాలి. మన జిల్లాల్లో ఈశాన్య రుతుపవనాలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కురుస్తాయి. మా వైపు నల్లరేగడి నేల. వానకు జిగురవుతుంది, ఎండకు నెర్రెలు విచ్చుతుంది. ఆ నెర్రెల్లో కాలు ఇరుక్కుని చీలమండ బెణికిన పిల్లవాడు మళ్ళీ బంతి జోలికి రాడు. 105 మీటర్ల పొడవు, 68 మీటర్ల వెడల్పు ఉన్న మైదానానికి అడుగున కంకర, ఇసుక పొరలు వేసి, నీళ్ళు బయటకు పోయే గొట్టాలు అమర్చి, పైన గడ్డి పెంచితే ఏడాదిలో ఎక్కువ రోజులు ఆట సాగుతుంది. ఈ పని ఫొటోలో కనబడదు. శిలాఫలకం వేయించుకోవాలనుకునేవారికి అందుకే దీనిమీద ఆసక్తి ఉండదు.

కృత్రిమ గడ్డి పరిస్తే సరిపోతుందనే వారికి కూడా ఒక మాట. అది ఎనిమిది, పదేళ్ళకు అరిగిపోతుంది, మళ్ళీ మొత్తం మార్చాలి. మండే ఎండలో మామూలు గడ్డి కంటే చాలా ఎక్కువ వేడెక్కుతుంది. రోహిణి కార్తెలో, వేసవి శిక్షణ శిబిరాలు జరిగే సమయంలోనే, దానిమీద ఆడించడం కష్టం.

ఫుట్‌బాల్ మనది కాదనే మాట మాత్రం ఒప్పుకోను. 1951లోనూ 1962లోనూ ఆసియా క్రీడల్లో భారత జట్టు స్వర్ణం గెలిచినప్పుడు శిక్షకుడు హైదరాబాదుకు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన జట్టు నాలుగో స్థానంలో నిలిచినదీ ఆయన శిక్షణలోనే. అప్పటి ఆటగాళ్ళు పెద్ద పెద్ద గ్యాలరీలు చూసి పుట్టుకురాలేదు.

కావలి అధ్యాపకుడు:

అర్థశాస్త్రం బోధించేవాడిగా ఒక వాదాన్ని ఇక్కడే పరిష్కరించాలనుకుంటున్నాను. స్టేడియం వస్తే వ్యాపారం పెరుగుతుంది, హోటళ్ళు నిండుతాయి, ఆ పన్నులతోనే ఖర్చు తిరిగి వస్తుందని ప్రతిపాదించేవారు ఎప్పుడూ చెబుతారు. ఆర్థికవేత్తలు ఈ విషయం మీద ఎన్నో దశాబ్దాలుగా పరిశీలనలు చేశారు; ఖర్చుకు తగిన రాబడి స్థానికంగా రాదన్నదే వారిలో అధికులు తేల్చిన మాట. కారణం అర్థం కానిదేమీ కాదు. మ్యాచ్‌కు వెళ్ళిన నెల్లూరు కుటుంబం ఆ సాయంత్రం ట్రంకు రోడ్డులో పెట్టవలసిన ఖర్చే స్టేడియం దగ్గర పెడుతుంది. బయటి ఊళ్ళ నుంచి జనం వచ్చే పెద్ద పోటీలైతే కొంత కొత్త డబ్బు వస్తుంది గాని, అవి ఎన్నేళ్ళకు ఒకసారి వస్తాయి? ప్రపంచ కప్పులో ప్రసార హక్కులు, ప్రధాన ప్రాయోజకుల సొమ్ము ప్రపంచ ఫుట్‌బాల్ సమాఖ్య ఫిఫాకు చేరతాయి. భద్రత, రవాణా వంటి భారాలు ఎక్కువగా ఆతిథ్య నగరానికి మిగులుతాయి. బ్రెజిల్‌లోని మనౌస్ నగరం 2014లో నాలుగు మ్యాచ్‌ల కోసం భారీ స్టేడియం కట్టింది. దేశపు అగ్రశ్రేణి లీగులో ఆడే జట్టు మాత్రం ఆ ఊరికి లేదు.

అంతకంటే ముఖ్యమైనది, క్లబ్బు వెళ్ళిపోతుంది, స్టేడియం ఉండిపోతుంది. గచ్చిబౌలి స్టేడియాన్ని 2002 జాతీయ క్రీడల సందర్భంగా ప్రజల సొమ్ముతో కట్టారు. 2019లో పుణె క్లబ్బు మూతపడితే దాని స్థానంలో హైదరాబాద్ ఎఫ్‌సీ వచ్చి అక్కడ ఆడింది, 2021–22లో ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) కప్పు కూడా గెలిచింది. 2025లో ఆ జట్టు ఢిల్లీకి తరలిపోయింది. క్లబ్బును నమ్ముకుని శాశ్వత నిర్మాణం చేపట్టే నగరం ముందుగా ఒప్పందం రాయించుకోవాలి. మాంచెస్టర్‌లో అలాగే చేశారు. 2002 కామన్వెల్త్ క్రీడలకు కట్టిన స్టేడియం ఇప్పటికీ నగర కౌన్సిల్ ఆస్తి. మాంచెస్టర్ సిటీ క్లబ్బు 2003 నుంచి దీర్ఘకాలపు లీజు మీద అక్కడ ఆడుతూ అద్దె కడుతున్నది, తర్వాతి విస్తరణలను కూడా తన సొమ్ముతోనే చేసుకున్నది.

మూలాపేట వాసి (నెల్లూరు):

అందరికీ కృతజ్ఞతలు. నాకు ఒక విషయం స్ఫురించింది. టొరంటోలో పెంచిన సీట్లలో 17 వేలకు పైగా తాత్కాలికమైనవే. ప్రపంచ కప్పు కోసం నిలబెట్టి, తరువాత తీసివేయడానికి ఉద్దేశించినవి. మన బారాషహీద్ దర్గా రొట్టెల పండుగకు లక్షల మంది వస్తారు. స్వర్ణాల చెరువు ఒడ్డున ఏటా షామియానాలు, బారికేడ్లు, తాత్కాలిక మరుగుదొడ్లు వేసి, పండుగ కాగానే తీసేస్తున్నాము గాని, ఆ జనానికి సరిపడా శాశ్వత భవనాలు ఎవరూ అడగలేదు. పెద్ద మ్యాచ్‌లకూ అదే పద్ధతి పాటించి, శాశ్వతంగా పెట్టే సొమ్మును ఒంగోలు పీఈటీ గారు చెప్పిన నేల పనికే పరిమితం చేస్తే మీకెవరికైనా అభ్యంతరమా?

దర్గామిట్ట నివాసి (నెల్లూరు):

అభ్యంతరం లేదు, ఒక షరతు మాత్రం ఉంది. తాత్కాలిక గ్యాలరీల అద్దెను పోటీ నిర్వహించేవారే భరించాలి. మైదానం పనికి కార్పొరేషన్ సొమ్ము ఇచ్చేటట్లయితే, గడ్డికి నీళ్ళు, కాపలా, కరెంటు బిల్లు ఎవరు కట్టాలన్నది అదే తీర్మానంలో రాయాలి. మన స్టేడియాన్ని చూసుకునేది జిల్లా క్రీడా ప్రాధికార సంస్థ. సొమ్ము ఒకరిది, నిర్వహణ మరొకరిది అయిన చోట మోటారు కాలిపోతే ఫైలు రెండు ఆఫీసుల మధ్య తిరుగుతూనే ఉంటుంది.

ఒంగోలు పీఈటీ:

ఆ తీర్మానంలోనే ఇంకొక వాక్యం చేర్చండి. సాయంత్రం నాలుగు నుంచి ఆరున్నర వరకు మైదానం బడిపిల్లలకు ఉచితంగా తెరిచి ఉంచాలి. సభలకూ ఎగ్జిబిషన్లకూ అద్దెకు ఇవ్వకూడదు. లారీ చక్రాలు ఒక్కసారి దిగబడితే అడుగున వేసిన గొట్టాలు పగిలిపోతాయి.