మొదటిసారి చూసేవాళ్ళకి ఏది చెప్పాలి: థియేటర్ కట్టా, డైరెక్టర్స్ కట్టా?

రీలుమార్పు:
"బ్లేడ్ రన్నర్ ఏ వెర్షన్‌తో మొదలుపెట్టాలి" అని ఎవరడిగినా "డైరెక్టర్స్ కట్ చూడండి, థియేటర్ కట్ జోలికి పోకండి" అనేస్తున్నారు (థియేటర్ కట్ అంటే మొదట రిలీజైంది, డైరెక్టర్స్ కట్ అంటే దర్శకుడు తనకి నచ్చినట్టు తర్వాత కూర్చింది). అక్కడితో ఆగకుండా అదే సలహా మిగతా సినిమాలన్నిటికీ ఇచ్చేస్తున్నారు. నేను దీనికి పూర్తి వ్యతిరేకం. మొదటిసారి చూసేవాళ్ళకి థియేటర్లో రిలీజైందే చెప్పాలి. తీసేసిన సీన్లు విడిగా చూస్తే బాగానే ఉంటాయి, కానీ చాలావాటిని తీసేయడానికి గట్టి కారణమే ఉంది. (ఇక్కడినుంచి స్పాయిలర్లు.)

ఏలియన్స్ (1986) తీసుకోండి. థియేటర్ కట్ 137 నిమిషాలు, తర్వాత వచ్చిన స్పెషల్ ఎడిషన్ 154. పెరిగిన 17 నిమిషాల్లో దెబ్బకొట్టేది కాలనీ సీను. కథానాయిక రిప్లీ ఇంకా బయల్దేరకముందే మనకి అంతరిక్షంలో ఉన్న హ్యాడ్లీస్ హోప్ కాలనీ చూపించేస్తారు. జనం పనుల్లో ఉంటారు, న్యూట్ అనే చిన్నపిల్ల కుటుంబం ఒక పాడుబడ్డ అంతరిక్ష నౌక దగ్గరికి వెళ్తుంది, తండ్రి మొహానికి గ్రహాంతర జీవి అతుక్కుని ఉండటం కూడా కనిపిస్తుంది. థియేటర్ కట్‌లో ఇవేవీ లేవు. కాలనీతో కాంటాక్ట్ పోయిందన్న ఒక్క మాటే వింటాం. సైనికులు వర్షంలో దిగి ఖాళీ కారిడార్లలో లైట్లు వేసుకుంటూ నడుస్తుంటే వాళ్ళకెంత తెలుసో మనకీ అంతే తెలుసు. ఆ భయమంతా అందులోనే ఉంది. ముందే చూసేసినవాడికి అది వాళ్ళు చనిపోయే దాకా ఎదురుచూడటం మాత్రమే.

డానీ డార్కో (2001) ఇంకా ఘోరం. 2004 డైరెక్టర్స్ కట్‌లో దాదాపు 20 నిమిషాలు కలిపారు. కథలోని కాలప్రయాణం పుస్తకం పేజీలు తెర మీదే వేసి, ఏది ఎందుకు జరుగుతోందో చెప్పేశారు. చూసినవాళ్ళు రాత్రంతా వాదించుకున్న సినిమా అది. పైగా మొదట్లో సైకిల్ మీద ఇంటికొచ్చే సీనుకి పాట కూడా మార్చారు.

పాతప్రింటు:
రీలుమార్పు గారూ, ఏలియన్స్‌లో కాలనీ సీను గురించి ఒప్పుకుంటాను. కానీ అదే ఎడిషన్‌లో ఉన్న కూతురి సీను సంగతి వదిలేశారు. రిప్లీ 57 ఏళ్ళు నిద్రలో ఉండి లేస్తుంది. పదకొండో పుట్టినరోజుకి తిరిగొస్తానని మాటిచ్చిన కూతురు ముసలిదై చనిపోయిందని అప్పుడు తెలుస్తుంది. కంపెనీ మనిషి బర్క్ ఒక ఫోటో చేతికిస్తాడు, అందులో ఉన్నది తల్లికన్నా పెద్ద వయసు కూతురు. ఈ సీను లేకపోతే, అంతా పేలిపోతున్న చోటికి న్యూట్ కోసం రిప్లీ ఒక్కతే వెనక్కి వెళ్ళడం ధైర్యంగా కనిపిస్తుంది. ఉంటే అది రెండోసారి మాట తప్పలేని తల్లి పని. క్లైమాక్స్ బరువే మారిపోతుంది.

ఇక కింగ్‌డమ్ ఆఫ్ హెవెన్ (2005). థియేటర్ కట్ 144 నిమిషాలు, డైరెక్టర్స్ కట్ 190 దాటుతుంది. థియేటర్ కట్‌లో జెరూసలేం రాజు సోదరి సిబిల్లా కొడుకు పాత్ర పూర్తిగా ఎగిరిపోయింది. డైరెక్టర్స్ కట్‌లో కుష్ఠురోగి రాజు పోయాక ఆ పిల్లాడు రాజవుతాడు. వాడికీ అదే రోగం ఉందని తల్లికి తెలుస్తుంది, తన చేత్తోనే చంపుకుంటుంది. ఇది తీసేస్తే ఆమె చివర్లో అలా కుప్పకూలడానికి కారణమే ఉండదు. ఏం జరిగిందో తెలియక నటిని తప్పుపట్టినవాళ్ళున్నారు, తప్పు ఎడిటింగ్‌ది. దీన్ని కూడా "మొదట థియేటర్ కట్టే" అంటారా?

రీలుమార్పు:
అనను. కింగ్‌డమ్ ఆఫ్ హెవెన్‌కి డైరెక్టర్స్ కట్టే చెప్పాలి. అక్కడ తీసేసింది సీన్లు కాదు, ఒక పాత్రకి వెన్నెముక. నేనన్నది మామూలుగా పాటించే పద్ధతి గురించి.

కత్తెర_గది:
నిమిషాలు లెక్కపెట్టడం కన్నా, కలిపిన సీను ఏ సమాచారం ఇస్తోంది, ఎప్పుడు ఇస్తోంది అని చూస్తే తేలుతుంది. పాత్ర ఆ పని ఎందుకు చేసిందో చెప్పే సీను తిరిగొస్తే సినిమా బాగుపడుతుంది. పాత్ర కన్నా ముందే మనకి విషయం చెప్పేసే సీను వస్తే పాడవుతుంది. ఏలియన్స్‌లో రెండు రకాలూ ఉన్నాయి, అందుకే మీ ఇద్దరి మాటా నిజమే.

టెర్మినేటర్ 2 (1991) స్పెషల్ ఎడిషన్ ఇంకా చిక్కు. చిప్ తీసే సీను చూడండి. రోబో అయిన టెర్మినేటర్ నేర్చుకునేలా మార్చడానికి, జాన్ తల్లి సారా దాని తల తెరిచి చిప్ బయటికి తీస్తుంది, దాన్ని సుత్తితో పగలగొట్టబోతుంది, జాన్ అడ్డుపడతాడు. ఆ కుర్రాడు తల్లి మాట కాదని నాయకుడిలా మాట్లాడటం అక్కడే మొదలు. తీసిన విధానం కూడా అద్భుతం. అద్దంలో చూస్తున్నట్టు కనిపిస్తుంది కానీ అక్కడ అద్దమే లేదు, గోడలో కన్నం ఉంది. ఒకవైపు బొమ్మ తల, రెండోవైపు అసలు ష్వార్జెనెగ్గర్. సారాగా వేసిన లిండా హామిల్టన్, ఆమె కవల సోదరి లెస్లీ ఎదురెదురుగా ఒకేలా చేతులు కదిపారు. ఇంత కష్టపడి తీసినదాన్ని దర్శకుడు కామెరాన్ తీసేశాడు. "మనుషులతో ఎక్కువ ఉంటే ఎక్కువ నేర్చుకుంటాను" అన్న భావం ఒక్క డైలాగ్‌లో వచ్చేస్తున్నప్పుడు, తరుముకొచ్చేవాడిని వదిలేసి ఐదు నిమిషాలు ఆగడం ఎందుకన్నది లెక్క. ఆ లెక్క సరైనదే. కానీ అదే ఎడిషన్‌లో గడ్డకట్టి పగిలిన తర్వాత వాళ్ళని తరుముకొచ్చే, ఏ రూపమైనా ఎత్తే రోబో టీ-1000 శరీరం పట్టు తప్పుతుంది, చెయ్యి రెయిలింగ్‌కి అతుక్కుని ఆ పసుపు, నలుపు చారలు ఎక్కేస్తాయి. వాడికీ దెబ్బ తగిలిందని తెలుస్తుంది. ఇద్దరు సారాల్లో ఎవరు అసలో జాన్ ఎలా పట్టుకున్నాడో కూడా అందులోనే ఉంది: నకిలీ సారా కాళ్ళు నేలలో కలిసిపోతుంటాయి. ఇది ఉండాల్సిందే.

నాలుగో_ట్రాక్:
వాదించే ముందు మీ దగ్గరున్నది ఏ వెర్షనో సరిచూసుకోండి. రన్‌టైమ్ ఒక్కటే నమ్మితే మోసపోతారు. పాత డీవీడీల్లో పాల్ (యూరప్, ఇండియాల్లో వాడిన టీవీ పద్ధతి) రకానివి సెకనుకి 24 ఫ్రేముల సినిమాని 25 ఫ్రేములతో ఆడిస్తాయి. అంటే నాలుగు శాతం వేగం. 120 నిమిషాల సినిమా 115కి వచ్చేస్తుంది, గొంతులు కూడా కాస్త సన్నబడతాయి. 117 నిమిషాల బ్లేడ్ రన్నర్ 112 చూపిస్తే సీన్లు పోయాయని కాదు.

గుర్తుపట్టడానికి సీన్లే చూసుకోవాలి. బ్లేడ్ రన్నర్‌లో హీరో డెకార్డ్ గొంతు కథ చెబుతూ ఉంటే 1982 థియేటర్ కట్. చివర లిఫ్ట్ తలుపు మూసుకోగానే ముగిస్తే 1992 డైరెక్టర్స్ కట్ లేదా 2007 ఫైనల్ కట్. ఈ రెంటికీ తేడా కావాలంటే డెకార్డ్ వేటాడే జోరా గాజు అద్దాల్లోంచి దూసుకెళ్ళే చోట ఆపండి. డూప్ మొహం తెలిసిపోతుంటే 1992ది. 2007లో జోరాగా వేసిన జోవానా కాసిడీ మొహమే అతికించి సరిచేశారు. టెర్మినేటర్ 2లో ఆసుపత్రిలో సారా కలలోకి జాన్ తండ్రి కైల్ రీస్ వస్తే స్పెషల్ ఎడిషన్. డిస్క్‌లో రెండు కట్లూ ఉంటే ప్లే నొక్కేముందు మెనూ చూడండి.

ఇంకొకటి, కట్ సరైనదైనా ట్రాన్స్‌ఫర్ (ఫిల్మ్ నుంచి డిస్క్‌కి ఎక్కించిన తీరు) చెడ్డదైతే లాభం లేదు. టెర్మినేటర్ 2 కి 2017లో వచ్చిన 4కె మాస్టర్‌లో గ్రెయిన్ (ఫిల్మ్ మీది సన్నటి చుక్కలు) ఎంత తుడిచేశారంటే చర్మం మైనంలా తయారైంది.

పాతప్రింటు:
బ్లేడ్ రన్నర్ దగ్గరికి వద్దాం, గొడవ మొదలైంది అక్కడే కాబట్టి. మేడ మీద వర్షంలో రెప్లికెంట్ (మనిషిలా తయారుచేసిన కృత్రిమ జీవి) రాయ్ చివరి మాటలు చెప్పి తల వాల్చేస్తాడు, పావురం ఎగిరిపోతుంది. 1992లో ఆ వెంటనే మాటలేవీ లేవు, డెకార్డ్ మొహం, వర్షం. 1982లో ఆ నిశ్శబ్దం మీదే డెకార్డ్ గొంతు వచ్చి, వాడు తనని ఎందుకు కాపాడి ఉంటాడో విడమరచి చెబుతుంది. కళ్ళముందు జరిగినదాన్ని మళ్ళీ చెప్పడం ఎందుకు? దాని పైన షైనింగ్ సినిమా కోసం దర్శకుడు కూబ్రిక్ తీయించి వాడకుండా మిగిల్చిన కొండల షాట్లతో ఒక సుఖాంతం కూడా అతికించారు. దీన్ని కొత్తవాళ్ళకి చూపించాలా?

రీలుమార్పు:
ఆ వాయిస్ ఓవర్‌ని నేను వెనకేసుకు రాను. కానీ 1992లో కలిపిన యూనికార్న్ (ఒంటికొమ్ము గుర్రం) కల చిన్న మార్పు కాదు. పోలీసు గాఫ్ మడిచిపెట్టిన కాగితం యూనికార్న్ 1982లో కూడా ఉంది. అప్పుడు దాని అర్థం, గాఫ్ వచ్చాడు, డెకార్డ్ ప్రేమించిన రెప్లికెంట్ రేచల్‌ని చంపకుండా వదిలేసి వెళ్ళాడు అని. కల కలిపాక, డెకార్డ్ కల గాఫ్‌కి ఎలా తెలుసన్న ప్రశ్న వస్తుంది, డెకార్డే రెప్లికెంట్ అయిపోతాడు. డెకార్డ్‌గా వేసిన హారిసన్ ఫోర్డ్ మనిషిగానే నటించానంటాడు, దర్శకుడు రిడ్లీ స్కాట్ కాదంటాడు. మనిషే కాకపోతే, ఒక యంత్రం మనిషికి జాలి చూపించడం అన్న రాయ్ ఘట్టం బలం సగం పోతుంది. మొదటిసారి చూసేవాడికి ఆ బలం దక్కాలి.

పాతప్రింటు:
ఇందులో మనకి కుదరదు. అయినా "థియేటర్ కట్" అంటే ఏ థియేటర్‌ది? వన్సపాన్ ఎ టైమ్ ఇన్ అమెరికా 1984లో యూరప్‌లో 229 నిమిషాలు. అమెరికాలో 139 నిమిషాలకి నరికి, ముందువెనకలుగా నడిచే కథని వయసుల వరసలో పేర్చేశారు. రెండూ థియేటర్లో ఆడినవే.

కొత్తగా_చూస్తున్నా:
అన్నా, అపోకలిప్స్ నౌ ఈ వారం చూడబోతున్నాను. 1979ది, 2001 రీడక్స్, 2019 ఫైనల్ కట్, మూడూ దొరికాయి. ఏది?

కత్తెర_గది:
1979దే చూడు తమ్ముడూ. రీడక్స్‌లో 49 నిమిషాలు ఎక్కువ. ఫ్రెంచ్ కుటుంబం తోటలో జరిగే సీను వినడానికి బాగుంటుంది, వియత్నాం యుద్ధం ఎవరు ఎందుకు చేస్తున్నారో చర్చిస్తారు. కానీ అది పడవ ప్రయాణం చివరి భాగంలో వస్తుంది. హీరో వెతుకుతూ వెళ్తున్న కర్నల్ కర్ట్జ్ దగ్గరికి చేరబోతున్నామన్న బిగువుతో కూర్చున్నవాడిని పట్టుకుని భోజనాల బల్ల దగ్గర కూర్చోబెట్టేస్తుంది. రెండోసారి చూసేటప్పుడు 2019ది తీసుకో, 183 నిమిషాలు. తోట ఉంటుంది, ప్లేబాయ్ మోడళ్ళతో ఉన్న రెండో సీను ఉండదు. హెలికాప్టర్ల సౌండ్ వెనక స్పీకర్లలోంచి తిరగాలి కాబట్టి, ఏ కట్ చూసినా ఆడియో స్టీరియోలో కాకుండా 5.1 (చుట్టూ స్పీకర్లున్న సెటప్)లో పెట్టు.