హెడ్ కోచ్ కాని కోచ్ జీవితం అసంపూర్ణమేనా?

గోదావరి గట్టు:
మిత్రులారా, అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ చూసేవారి మధ్య తెగని వాదం ఒకటుంది. దానిని ఇక్కడ చర్చకు పెడుతున్నాను. వర్జీనియా టెక్ విశ్వవిద్యాలయంలో 1987 నుంచి 2019 వరకు 33 సీజన్లు పనిచేసిన బడ్ ఫాస్టర్ అందులో ఎక్కువ కాలం డిఫెన్సివ్ కోఆర్డినేటర్‌గా, అంటే ప్రత్యర్థిని అడ్డుకునే విభాగాన్ని (డిఫెన్స్) నడిపే అసిస్టెంట్ కోచ్‌గా ఉన్నారు. దేశంలోని ఉత్తమ అసిస్టెంట్ కోచ్‌కు ఇచ్చే బ్రాయిల్స్ అవార్డును 2006లో అందుకున్నారు. అయినా, 2015 సీజన్‌తో హెడ్ కోచ్ ఫ్రాంక్ బీమర్ విరమించినప్పుడు ఆ పదవి మెంఫిస్ నుంచి వచ్చిన జస్టిన్ ఫ్యూంటేకు దక్కింది.

ఇటువంటి జీవితాన్ని గౌరవిస్తాను గాని, సంపూర్ణమని అనలేను. ఓటమికి తానే జవాబు చెప్పవలసిన స్థానంలో నిలబడితే తప్ప కోచ్ నిర్ణయశక్తికి అసలు పరీక్ష రాదు. కర్బీ స్మార్ట్ అలబామాలో నిక్ సాబన్ కింద తొమ్మిది సీజన్లు పనిచేసి, 2009లో ఇదే అవార్డు పొంది, ఆ తరువాత జార్జియాకు హెడ్ కోచ్‌గా వెళ్లి 2021, 2022 సీజన్లలో జాతీయ టైటిల్ గెలిచారు. 2021 ఫైనల్‌లో ఆయన ఓడించింది తన గురువు జట్టునే. ఆ రిస్క్ తీసుకోకపోయి ఉంటే ఆయన ఎంతటివాడో మనకు తెలిసేదే కాదు.

సింగరేణి బిడ్డ:
గట్టు గారూ, మీ మాటను గట్టిగా ఖండిస్తున్నాను. మీరు పదవిని కొలుస్తున్నారు, పనిని కాదు.

డిఫెన్సివ్ కోఆర్డినేటర్ పని ఎలా ఉంటుందో ఒకసారి చూడండి. వారమంతా ప్రత్యర్థి ఆడిన ఆటల వీడియోలు ముందుకూ వెనక్కూ తిప్పి చూసి, ఏ స్థితిలో వాళ్లు బంతిని ఎటు తీసుకువెళతారో అంచనా కట్టి, దానికి తగిన ఎత్తుగడలను ఇరవై ఏళ్ల కుర్రాళ్లకు ఒంటబట్టేదాకా నేర్పాలి. ఆట రోజున ఒక ప్లేకూ (బంతితో చేసే ఒక్కో ప్రయత్నం) మరో ప్లేకూ మధ్య 40 సెకన్లకు మించి వ్యవధి ఉండదు. ఆలోగా ప్రత్యర్థి మైదానంలోకి ఎవరిని పంపాడో గమనించి, తన ఎత్తుగడను నిర్ణయించి, ఆటగాళ్లకు అందించాలి. ఒక్క ఆటలో ఇది అరవై డెబ్భై సార్లు జరుగుతుంది. నిర్ణయశక్తికి ఇంతకు మించిన పరీక్ష ఏముంటుంది?

ఇక ఫాస్టర్ పేరుతో ముడిపడిన ఒక డబ్బా సంగతి. 1995లో ఫాస్టర్ కో-కోఆర్డినేటర్ అయినప్పటి నుంచి వర్జీనియా టెక్ డిఫెన్స్‌కు గుర్తుగా నిలిచినది బొగ్గు గని కార్మికులు తిండి పట్టుకెళ్లే తరహా సొట్టలు పడిన రేకు డబ్బా. ఆ సీజన్‌కు పెట్టుకున్న లక్ష్యాలను రాసి అందులో ఉంచేవారు. దానిని మోసుకెళ్లే గౌరవం ఆటగాడు తన ఆటతో సంపాదించుకోవలసిందే. నైరుతి వర్జీనియా బొగ్గు గనుల సీమ, మాది గోదావరిఖని. మా నాన్న మొదటి షిఫ్టుకు వెళ్లేటప్పుడు చేతిలో ఉండే అన్నం డబ్బాకు కూడా ఒక మూల సొట్ట ఉండేది, మూత సరిగా పట్టేది కాదు. ఫాస్టర్ డబ్బాను మొదటిసారి టీవీలో చూసినప్పుడు నేను చాలాసేపు మాట్లాడలేకపోయాను. 2007 ఏప్రిల్ 16న ఆ క్యాంపస్‌లో జరిగిన కాల్పుల్లో 32 మంది మరణించిన తరువాత, ఆ ఏటి సీజన్‌లో వారి పేర్లను ఆ డబ్బాలోనే పెట్టి మైదానానికి తీసుకెళ్లారు. ఒక అసిస్టెంట్ కోచ్ నిలబెట్టిన సంప్రదాయం ఒక ఊరి దుఃఖాన్ని మోయగలిగిందంటే, ఆ జీవితంలో ఇంకా ఏ వెలితి వెతుకుతారు?

డాలస్ పరిశీలకుడు:
మీరిద్దరూ ఆ వ్యక్తికి ఎంచుకునే స్వేచ్ఛ ఉందన్నట్టే మాట్లాడుతున్నారు. చాలామందికి అది లేదు.

నార్మ్ చౌను తీసుకోండి. 1973 నుంచి 1999 వరకు బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయంలో అసిస్టెంట్‌గా పనిచేశారు. తరువాత దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో కార్సన్ పామర్, మ్యాట్ లైనార్ట్ దేశంలోని ఉత్తమ ఆటగాడికి ఇచ్చే హైస్మన్ ట్రోఫీ అందుకున్నప్పుడు అక్కడి ఆఫెన్స్‌ను (దాడి విభాగాన్ని) నడిపింది ఆయనే. అటువంటి మనిషికి హెడ్ కోచ్ పదవి 65 ఏళ్ల వయసులో, 2011 డిసెంబరులో హవాయిలో దక్కింది. అక్కడ 10 గెలుపులు, 36 ఓటములతో 2015లో తొలగించారు. ‘చూశారా, ఆయన అసిస్టెంట్‌గానే తగినవాడు’ అనేవారున్నారు. నేను మాత్రం నలభై అయిదేళ్లకే అవకాశం ఇచ్చి ఉంటే ఏమయ్యేదని అడుగుతాను.

సిల్వెస్టర్ క్రూమ్‌ది మరింత బాధాకరమైన ఉదాహరణ. తాను ఆడిన అలబామాయే 2003లో ఆయనను కాదని మైక్ షులాను హెడ్ కోచ్‌గా ఎంచుకుంది. అదే ఏడాది డిసెంబరులో మిసిసిపీ స్టేట్ పిలిచింది. దాంతో సౌత్ ఈస్టర్న్ కాన్ఫరెన్స్ అనే కాలేజీల లీగ్ ఏడు దశాబ్దాల ఫుట్‌బాల్ చరిత్రలో తొలి నల్లజాతి హెడ్ కోచ్ ఆయనే అయ్యారు. అంతవరకు ఎంతమంది నల్లజాతి అసిస్టెంట్ల ముందు ఆ తలుపు మూసుకుపోయి ఉంటుందో ఆలోచించండి. వారి జీవితాలను ‘పని మీది ప్రేమ’ అని పొగడటం నాకు అన్యాయంగా తోస్తుంది.

ఉద్యోగ భద్రత మాటా చెప్పాలి. చదువుకునే రోజుల్లో నేను ఒక విశ్వవిద్యాలయ క్రీడా విభాగంలో ట్యూటర్‌గా పనిచేశాను. హెడ్ కోచ్‌ను తొలగించిన మర్నాడు ఒక అసిస్టెంట్ కోచ్ తన గదిలోని సామాను అట్టపెట్టెల్లో సర్దుకుంటూ, కూతురు బడి మారడం ఆ ఏడాదికి రెండోసారి అవుతుందని చెప్పారు. ఆయన శిక్షణలోని కుర్రాళ్లు ఆ సీజన్‌లో చక్కగా ఆడారు. అయినా కొత్తగా వచ్చేవారు తమ మనుషులను తెచ్చుకుంటారు కనుక ఆయన వెళ్లవలసిందే.

గోదావరి గట్టు:
పరిశీలకుడు గారి మాటతో నా వాదం కొంత సడలింది. రాని అవకాశాన్ని వదులుకున్న అవకాశంలా లెక్కించడం నా పొరపాటు. కాని ఎంచుకోగలిగినవారి విషయంలో నా మాట నిలుస్తుంది. లూసియానా స్టేట్ 2018లో తన డిఫెన్సివ్ కోఆర్డినేటర్ డేవ్ అరాండాకు నాలుగేళ్లకు కోటి డాలర్ల ఒప్పందం ఇచ్చింది. అంత డబ్బు ఇచ్చినా, 2019 సీజన్ జాతీయ టైటిల్ గెలవగానే ఆయన బేలర్‌కు హెడ్ కోచ్‌గా వెళ్లిపోయారు. పెద్ద పరీక్ష కోరుకునే మనసు అలా ఉంటుంది.

సింగరేణి బిడ్డ:
అరాండా వెళ్లడాన్ని నేను తప్పుపట్టను. పరిశీలకుడు గారు చెప్పిన అన్యాయాన్ని కూడా కాదనను. కొత్త హెడ్ కోచ్ ఫ్యూంటే ఫాస్టర్‌ను అట్టేపెట్టుకోవడం ఎంత అరుదైన సంగతో పరిశీలకుడు గారు చెప్పిన ఆ అసిస్టెంట్ కోచ్ ఉదంతం చదివాకే నాకు పూర్తిగా తెలిసింది. అయితే ఉండిపోయినవారికి పెద్ద పరీక్ష కోరుకునే మనసు లేదన్న మాట మాత్రం నేను ఒప్పుకోను. 1999 సీజన్ జాతీయ టైటిల్‌ను తేల్చిన షుగర్ బౌల్‌లో వర్జీనియా టెక్ 46-29తో ఫ్లోరిడా స్టేట్ చేతిలో ఓడింది. అవతలి డిఫెన్స్‌ను నడిపినది అక్కడి హెడ్ కోచ్ బాబీ బౌడెన్ దగ్గర 1984 నుంచి 2009 వరకు పనిచేసిన మిక్కీ ఆండ్రూస్. ఆయన అంతకుముందే లివింగ్‌స్టన్ అనే చిన్న కాలేజీకి హెడ్ కోచ్‌గా 1971లో చిన్న కాలేజీల సంఘమైన ఎన్‌ఏఐఏ టైటిల్ గెలిపించారు. అంటే మీరు కోరే పరీక్షలో నెగ్గి కూడా అసిస్టెంట్‌గా పాతికేళ్లు ఉన్నారు.

ఫాస్టర్ 2019 ఆగస్టులోనే ఇది తన ఆఖరి సీజన్ అని ప్రకటించారు. నవంబరు 23న సొంత మైదానంలో ఆయన ఆఖరి ఆట పిట్స్‌బర్గ్‌తో జరిగింది. ఆయన కుర్రాళ్లు ప్రత్యర్థికి ఒక్క పాయింటు కూడా ఇవ్వలేదు. స్కోరు 28-0.