పగ్గాలతో రిమోట్ కారు: ఆపేదెలా?

చంద్రగిరి బండి
మా అబ్బాయికి రిమోట్ కారు ఆనడం లేదు. "రెండు పుల్లలు తోయడమే కదా" అంటాడు. కనుమకు రంగంపేట పశువుల పండగ చూసి వచ్చినప్పటి నుంచి వాడి ఆటంతా ఎద్దులతోనే. అందుకని రెండు పగ్గాలు పట్టుకుని కారు తోలేలా చేస్తున్నాను. కారుకు ఎడమ పక్క ఒక మోటారు, కుడి పక్క ఒకటి. కారులోనూ చేతి దగ్గరా ఈఎస్‌పీ32 అనే చిన్న కంప్యూటర్ బోర్డులు, వాటి మధ్య తీగ లేకుండా సంకేతాలు పంపే ఈఎస్‌పీ-నౌ. పగ్గాలు రెండూ ఒకే కప్పీకి చుట్టి, దాన్ని వాల్యూమ్ కంట్రోలుకు బిగించాను. మలుపులు భేషుగ్గా వస్తున్నాయి. రెండు పగ్గాలూ కలిపి లాగితే మాత్రం కప్పీ కదలదు, కారు ఆగదు.

చిత్తూరు టంకం
ఒకే వాల్యూమ్ పెడితే అది రెండు పగ్గాల మధ్య తేడాను మాత్రమే చూస్తుంది. పగ్గానికొకటి పెట్టండి. ఎడమ పగ్గం ఎంత బిగిస్తే ఎడమ మోటారు అంత నెమ్మదించాలి, కుడి పక్కా అంతే. ఎడమ చక్రాలు వెనకబడితే కారు ఎడమకే తిరుగుతుంది. రెండూ లాగితే రెండూ ఆగుతాయి. ముందు చక్రాలు సర్వోతో (చక్రాలను పక్కకు మళ్లించే చిన్న మోటారుతో) తిరిగే కారైతే తేడాను మలుపుకు, మొత్తాన్ని బ్రేకుకు వాడాలి.

పాకాల మాస్టారు
ఎద్దుల బండి తోలిన వాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు. దాపలి (ఎడమ పక్క) ఎద్దును బిగబడితే బండి దాపలికే తిరుగుతుంది.

చంద్రగిరి బండి
రెండోది బిగించాను. ఆగుతోంది. కానీ కుడి పగ్గం కొంచెం లాగినా కారు గిర్రున తిరుగుతోంది, ఆ పైన ఎంత లాగినా మార్పు లేదు. ఈ రెండోది పాత రేడియోలోంచి తీసింది.

చిత్తూరు టంకం
దాని మీద అక్షరం చూడండి. ఎ అని ఉంటే చెవికి తగ్గట్టు చేసిన రకం, దాని విలువ సమానంగా పెరగదు. మీకు సమానంగా పెరిగే బి10కె రకం కావాలి. రెండు వాల్యూమ్‌లకూ 3.3 వోల్టులే ఇవ్వండి, 5 కాదు. వాటిని బోర్డు మీద 32 నుంచి 39 లోపు పిన్నులకే కలపండి. వైఫై నడుస్తున్నప్పుడు ఏడీసీ2 అనే రెండో గుంపు పిన్నులు వోల్టేజీని చదవవు; ఈఎస్‌పీ-నౌ కూడా వైఫై మీదే నడుస్తుంది.

కప్పీ వ్యాసం 4 సెంటీమీటర్లు ఉంటే పగ్గం దాదాపు 10 సెంటీమీటర్లు లాగేసరికి వాల్యూమ్ చివరికి వస్తుంది. అంతకు ముందే పగ్గానికి ముడి వేసి, పగ్గం దూరే చెక్క రంధ్రం దగ్గర ఆ ముడి అడ్డుపడేలా చూడండి. లేకపోతే పిల్లల లాగుడుకు వాల్యూమ్ చిన్న ఇరుసు విరిగిపోతుంది. పగ్గం వదిలాక కప్పీని వెనక్కి లాగడానికి సైకిల్ ట్యూబు ముక్క చాలు. లాగేకొద్దీ బిగుస్తుంది, పశువు లాగినట్టే ఉంటుంది.

తిరుచానూరు రాధ
ఒక సందేహమండీ. పగ్గాలు వదులైతే కారు పూర్తి వేగంతో పోతుందన్నమాట. పిల్లాడు ఆట మధ్యలో పగ్గాలు పడేసి అన్నానికి పోతేనో?

చిత్తూరు టంకం
మంచి మాట పట్టుకున్నారమ్మా. మామూలు రిమోట్‌లో పుల్ల వదిలితే కారు ఆగుతుంది, ఇక్కడ తలకిందులు. సంకేతం అరసెకను రాకపోతే మోటార్లు ఆగేలా కారులో రాసుకోవాలి, అది ఎలాగూ తప్పదు. కానీ పగ్గాలు కింద పడేసినా సంకేతం వస్తూనే ఉంటుంది కదా. తోలే మనిషి ఉన్నాడో లేడో తెలిసే ఉపాయం వేరే ఉండాలి.

పాకాల మాస్టారు
తోక పెట్టండి! మెలిపెడితేనే పరుగు, వదిలితే నిలుపు. మూడో వాల్యూమ్‌కు పీచు తాడు కడితే సరి.

తిరుచానూరు రాధ
మాస్టారూ, ఆ పని నేర్పడమెందుకు? రేపు వీధిలో ఆవు తోక పట్టుకుంటాడు.

పాకాల మాస్టారు
అది బొమ్మ ఎద్దమ్మా. అయినా సరే, మా ఇంట్లోనూ ఇదే తీర్పు వచ్చేటట్టుంది.

చంద్రగిరి బండి
తోక వద్దులెండి. బండివాడు నొగ మీద కూర్చునే కదా తోలేది. పగ్గాలు బిగించిన పీట కిందే లిమిట్ స్విచ్ పెడతాను. కూర్చుంటేనే కారు కదలాలి, లేస్తే ఆగాలి. పీట నాలుగు మూలలా రబ్బరు ముక్కలు వేస్తే బరువుకు కొంచెం దిగి స్విచ్ నొక్కుతుందని ఆలోచన. పిల్లాడి బరువు 18 కిలోలు. రబ్బరు ఎంత మందం వేయాలో తెలిసినవారు చెప్పండి.

చిత్తూరు టంకం
మెత్తటి పాత చెప్పుల అడుగు కోసి వేసి చూడండి. దిగడం చాలకపోతే పొరలు పెంచండి, స్విచ్‌ను మాత్రం మధ్యలో కాక పిల్లాడు కూర్చునే అంచు వైపు పెట్టండి. పిల్లలు అంచునే కూర్చుంటారు.