వానలు మొదలయ్యాక బేస్ గిటార్ తీగలు పైకి లేచాయి, ఏమి చేయాలి?

ప్రశ్న (వేళచ్చేరి, చెన్నై): ఈశాన్య రుతుపవనాలు వచ్చాయో లేదో నా నాలుగు తీగల బేస్ మొండికేసింది. పన్నెండో ఫ్రెట్ (మెడ మీద అడ్డంగా ఉండే లోహపు పట్టీ) దగ్గర చిటికెన వేలు దిగడం లేదు. ఆదివారం పెళ్లి రిసెప్షన్‌లో వాయించాలి. ట్రస్ రాడ్ (మెడ వంపు సరిచేసేందుకు దాని లోపల ఉండే లోహపు కడ్డీ) నేనే తిప్పవచ్చా?

జవాబు (బెసెంట్ నగర్): నిక్షేపంగా తిప్పవచ్చు. ముందు శ్రుతి చేయండి. మొదటి ఫ్రెట్, చివరి ఫ్రెట్ నొక్కిపట్టి ఏడో ఫ్రెట్‌కీ తీగకీ మధ్య సందు చూడండి. విజిటింగ్ కార్డు మందం ఉంటే చాలు. ఎక్కువుంటే రాడ్ చివర ఉండే నట్టును సవ్యదిశలో పావు చుట్టు బిగించి, మళ్లీ శ్రుతి చేసి, రాత్రంతా వదిలేయండి. కదలనని మొరాయిస్తే బలవంతం వద్దు, రాడ్ తెగితే గిటార్ మెడ మీద ఆశ వదులుకోవాల్సిందే. వాయించాక తీగలు పొడిగుడ్డతో తుడవండి. మా వీధిలో ఉప్పుగాలికి కిటికీ ఊచలే ఆగడం లేదు.

జవాబు (అడయార్): రాడ్ తిప్పే తాళంచెవి (అలెన్ కీ) కొలత సరిపోకపోతే ఆ నట్టు అరిగిపోతుంది. నా దగ్గర మిల్లీమీటర్లవి, అంగుళాలవి రెండూ ఉన్నాయి. శనివారం రండి. అప్పటికీ కుదరకపోతే నా బేస్ పట్టుకెళ్లండి.

ప్రశ్న అడిగినవారు: వస్తున్నానండీ. ఫిల్టర్ కాఫీ మాత్రం నా ఖర్చు.