క్రెష్‌లో టీచర్లు, ఆయాలు పిల్లల భోజనమే తినాలని రూలు పెట్టొచ్చా?

మధురవాడ_క్రెష్:
విశాఖ మధురవాడలో ఒక క్రెష్‌కి నియమావళి రాస్తున్నాం. ఏడాదిన్నర నుంచి ఐదేళ్ల లోపు పిల్లలు 24 మంది. ఇద్దరు టీచర్లు, ఇద్దరు ఆయాలు, ఒక వంటామె. మధ్యాహ్నం అన్నం, పప్పు, ఒక కూర, పెరుగు, వారానికి మూడు రోజులు గుడ్డు. వంట అంతా అక్కడే. పిల్లలకి పెట్టిందే సిబ్బంది కూడా తినాలి, ఇంటి నుంచి కేరేజీ తేకూడదు, అప్పుడే వంట మీద శ్రద్ధ ఉంటుందని తల్లిదండ్రుల కమిటీ పట్టుబడుతోంది. సిబ్బందిలో ఒకరు గుడ్డు ముట్టరు, ఒకరికి షుగరు, ఒకరు రంజాన్‌కి ఉపవాసం ఉంటారు. బడుల్లో, అంగన్‌వాడీల్లో పద్ధతి ఏమిటి? రూలు ఎలా రాస్తే బాగుంటుంది?

వంటశాల_తనిఖీ:
కమిటీ వాళ్లు మూడు వేర్వేరు పనుల్ని ఒకే రూల్లో కలిపేశారండీ. వడ్డించే ముందు రుచి చూడటం ఒకటి, పిల్లలతో కలిసి కూర్చోవడం రెండోది, కడుపు నిండా అదే తినడం మూడోది. మొదటి రెండూ తప్పనిసరి చేయండి. మూడోది మాత్రం వద్దు.

బడుల మధ్యాహ్న భోజనానికి కేంద్రం మార్గదర్శకాలు అడిగేది రుచి చూడటమే. పిల్లలకి వడ్డించే ముందు కనీసం ఒక టీచరైనా తిని చూడాలి. 2013 జులైలో బీహార్‌లోని సారణ్ జిల్లాలో బడి భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు ఉందని తేలింది. ఆ తర్వాత ఈ నియమం మీద పట్టు పెరిగింది. అంగన్‌వాడీ లెక్క వేరు. 3-6 ఏళ్ల బిడ్డకి రోజుకి ఎన్ని కేలరీలు, ఎంత ప్రోటీన్ అందాలో 2013 ఆహార భద్రత చట్టం చెబుతుంది. సరుకు వచ్చేది నమోదైన పిల్లలు, గర్భిణులు, బాలింతల లెక్కన. కేంద్రం వేసే ఆ లెక్కలో టీచరుకి, ఆయాకి వాటా ఉండదు. కాబట్టి అంగన్‌వాడీని చూపించి సిబ్బంది అదే తినాలనడం కుదరదు.

రుచి చూసినంత మాత్రాన ఫుడ్ పాయిజన్ పట్టుబడుతుందని కమిటీ అనుకుంటే అది పొరపాటు. నాలుకకి తెలిసేవి నూనె వాసన, చేదు, మాడు, పులుపు, రాయి, ఉప్పెక్కువ. అన్నంలో పెరిగే బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా, వంట చేసేవాళ్ల చేతి పుండు నుంచి వచ్చే స్టెఫైలోకాకస్ అనే బ్యాక్టీరియా వదిలే విషానికి రుచీ వాసనా ఉండవు. మళ్లీ మరగబెట్టినా ఆ విషం పోదు. వాంతులు చాలాసార్లు గంట నుంచి ఆరు గంటల తర్వాత మొదలవుతాయి, అప్పటికి పిల్లలు తినేసి ఉంటారు. టీచరు అదే పళ్లెంలో కలిసి తింటే టీచరుకి కూడా వాంతులవుతాయి, అంతే. అక్కడ కాపాడేవి వేడి, సమయం, చేతులు. విశాఖ ఉక్కలో పదిన్నరకి వండిన అన్నం మూత పెట్టి పన్నెండున్నర దాకా మామూలు గిన్నెలో వదిలేయకండి. హాట్‌ప్యాక్‌లో 60 డిగ్రీల పైన ఉండాలి. గుచ్చి చూసే థర్మామీటరు ఒకటి కొనండి. పాత్ర అంచున గుచ్చితే లెక్క తప్పుతుంది, నడి మధ్యలో గుచ్చాలి.

రుచి చూసే పద్ధతి కూడా రాసిపెట్టండి. వడ్డనకి అరగంట ముందు, ప్రతి వంటకాన్నీ అడుగు దాకా కలిపి, గరిటెతో రెండు చెంచాలంత చిన్న గిన్నెలోకి తీయాలి. తినేది వేరే చెంచాతో. గరిటె నోటికి తగలకూడదు. రోజూ ఇద్దరు చూడాలి, అందులో ఒకరు వంటామె కాని మనిషై ఉండాలి. పొయ్యి దగ్గర పొద్దుట్నుంచీ రుచి చూస్తున్న నాలుకకి ఉప్పు తేడా పట్టుబడదు. రిజిస్టరులో వంటకం, సమయం, వేడి, రుచి మీద ఒక మాట, సంతకం ఉండాలి. రోజూ 'బాగుంది' అని ఒకటే మాట కనిపిస్తే ఎవరూ చూడట్లేదని అర్థం. ఉప్పు ఎక్కువైతే 'ఎక్కువ' అని రాసే ధైర్యం సిబ్బందికి ఉండాలి, అలా రాసినందుకు వంటామెని తిట్టకూడదు.

జపాన్ బడుల్లో వడ్డనకి కనీసం అరగంట ముందు ఒక బాధ్యుడు తిని చూస్తారు. దాంతో పాటు ప్రతి వంటకం నుంచి సుమారు 50 గ్రాములు తీసి మైనస్ 20 డిగ్రీల దగ్గర రెండు వారాలు దాచిపెడతారు. ఎవరికైనా జబ్బు చేస్తే కారణం దొరికేది ఆ డబ్బాలోంచే. మీకూ ఫ్రిజ్‌లో ఫ్రీజరు ఉంటుంది కాబట్టి తేదీ రాసిన మూత డబ్బాలు సరిపోతాయి.

పోపుల_డబ్బా:
పైన చెప్పినదానికి వంటింటి లెక్క కలుపుతాను. సిబ్బంది కూడా అక్కడే తింటారని తేల్చుకుంటే ముందు కొలతలు మార్చండి. పిల్లకి బియ్యం 50 గ్రాములు, పప్పు 20, కూరగాయ 50 అనుకుంటే 24 మందికి బియ్యం 1,200 గ్రాములు, పప్పు 480, కూరగాయ 1,200. పెద్ద మనిషికి బియ్యం 130, పప్పు 35, కూర 100. ఐదుగురికి ఇంకో 650 గ్రాముల బియ్యం, 175 పప్పు, 500 కూర పడతాయి. అంటే ఐదుగురు పెద్దలు పదమూడు మంది పిల్లలంత అన్నం తింటారు. సరుకు పెంచకుండా రూలు మాత్రం పెట్టారంటే తరిగేది పిల్లల పళ్లెమే. మొదట తగ్గేది పప్పు చిక్కదనం, ఎందుకంటే నీళ్లు పోస్తే ఎవరికీ తెలియదు.

దీనికన్నా నన్ను ఎక్కువ భయపెట్టేది ఉప్పూ కారం. పెద్దవాళ్లు రోజూ తినే గిన్నె అయితే రెండు నెలల్లో అది పెద్దవాళ్ల వంటగా మారిపోతుంది. 'చప్పగా ఉంది, ఇంకో చెంచా వెయ్' అనే మాట రోజూ వంటామె చెవిన పడుతుంది. 1-3 ఏళ్ల పిల్లలకి రోజు మొత్తానికి ఉప్పు 2 గ్రాములు, 4-6 ఏళ్ల వాళ్లకి 3 గ్రాములు దాటొద్దని బ్రిటన్ ఆరోగ్య సేవల సలహా. పెద్దలకి 5 గ్రాముల లోపని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మధ్యాహ్నం ఒక్క పూటకి పిల్లకి 0.7 గ్రాములు పెట్టుకున్నా 24 మందికి పప్పు, కూర కలిపి సుమారు 17 గ్రాములు, అంటే గీసి కొలిచిన టీస్పూన్లు మూడు. పిడికిలితో వేస్తే ఈ లెక్క నిలవదు.

దారి ఏమిటంటే పప్పు, కూర ఉడికాక పిల్లల వాటా ముందు వేరే గిన్నెలోకి తీసేయాలి. పిల్లలదానికి నెయ్యి, జీలకర్ర, ఇంగువ, కరివేపాకు చాలు. మిగిలినదానికి ఎండుమిర్చి పోపు, పచ్చిమిర్చి, ఉప్పు పెద్దవాళ్ల కోసం. ముందు కలిపేసి తర్వాత తీయడం కుదరదు కదా. రిజిస్టరులో రుచి చూసేది పిల్లల గిన్నెనే, పెద్దల గిన్నెని కాదు. ఇది కచ్చితంగా రాయండి.

బాలవాడి_టీచర్:
పూర్తి భోజనం వద్దన్న మాటతో నేను ఏకీభవించను. టీచరు ఎదురుగా కూర్చుని కాకరకాయ తింటుంటే పిల్లలు ఒక ముక్క ముట్టుకుంటారు. కొత్త కూర అలవాటవడానికి పది పదిహేను సార్లు పళ్లెంలో కనిపించాలి, అందులో పెద్దవాళ్లు తినడం చూడటం పెద్ద భాగం. అమెరికాలో పేద పిల్లలకి నడిపే హెడ్ స్టార్ట్ కేంద్రాల పాత ప్రమాణాల్లో వీలైనంతవరకు సిబ్బంది పిల్లలతో కలిసి ఒకే భోజనం తినాలనే ఉండేది. టీచరు ముందు కేరేజీలో ఆవకాయ అన్నం, పిల్లల ముందు సొరకాయ పప్పు ఉంటే ఆ సొరకాయ ఎవరు తింటారు?

వంటశాల_తనిఖీ:
మీరు చెప్పిన లాభానికి పూర్తి భోజనం అక్కర్లేదండీ. పిల్లలు తినేంత, నాలుగైదు ముద్దలు చాలు. పైగా మన దగ్గర ఒక చిక్కుంది. టీచరు కుడిచెయ్యి పప్పన్నంలో ఉంటే, పొలమారిన పిల్లని ఆ చేత్తో పట్టుకోవడం ఆలస్యమవుతుంది. అదే చేత్తో పిల్ల నోట్లో ముద్ద పెట్టడం ఇంకా తప్పు, ఎంగిలి ద్వారా వాంతులు, విరేచనాల వైరస్ గది మొత్తానికి అంటుకుంటుంది. అందుకే పిల్లలతో కూర్చున్నవాళ్లు చెంచాతో తినాలి, తినిపించడానికి వేరే చెంచా ఉండాలి. నలుగురిలో ఒకరు ఏమీ తినకుండా నిలబడి తిరుగుతూ ఉండాలి. గుడ్డు నిలువునా నాలుగు ముక్కలు చేయాలి. వేరుశనగ గుళ్లు, విడి శనగలు, గుండ్రటి ద్రాక్ష ఐదేళ్ల లోపు పిల్లలకి అలాగే పెట్టకూడదు. పొలమారి ఊపిరి ఆడని పిల్లకి ఏడాది దాటి ఉంటే వీపు మీద ఐదు దెబ్బలు, తగ్గకపోతే పొట్ట పైభాగాన ఐదు నొక్కులు. ఏమీ కనపడకుండా నోట్లో వేలు పెట్టి వెతికితే ముక్క ఇంకా లోపలికి పోతుంది. ఇది సిబ్బంది అందరికీ చేసి చూపించి నేర్పించాలి.

మధురవాడ_క్రెష్:
అందరికీ ధన్యవాదాలు. గుడ్డు తిననివాళ్లని, ఉపవాసం ఉన్నవాళ్లని ఏం చేయాలి? జీతంలో భోజనం ఖర్చు పట్టుకోవచ్చా?

జీతాల_లెక్క:
పట్టుకోకండి. తప్పనిసరి అని మీరే చెప్పి దానికి డబ్బు కోయడం అన్యాయం, గొడవకీ దారి తీస్తుంది. ఇష్టపడి తినేవాళ్లకి యాజమాన్యమే ఉచితంగా పెట్టాలి. పిల్లలతో కూర్చునే అరగంట డ్యూటీయే, విశ్రాంతి కాదు. పిల్లలు పడుకున్నాక వంతులవారీగా అరగంట వేరే గదిలో భోజన విరామం ఇవ్వండి. అక్కడ కేరేజీ తెచ్చుకోనివ్వండి, షుగరున్న ఆవిడకి ఆ సమయం చాలా ముఖ్యం.

రుచి చూసే వంతు పట్టిక నెల మొదట్లోనే వేయండి. గుడ్డు రోజున గుడ్డు తినేవాళ్లు, రంజాన్‌లో, కార్తీక సోమవారాల్లో ఉపవాసం లేనివాళ్లు. అలర్జీ, ఉపవాసం, మతం, ఆరోగ్యం వీటిలో ఏది చెప్పినా కారణం తవ్వకుండా వంతు మార్చాలి. రూలు ఇలా రాయొచ్చు: 'పిల్లల గిన్నెలోంచి రోజూ ఇద్దరు రుచి చూస్తారు. భోజనాల వేళ నలుగురు సిబ్బంది పిల్లల దగ్గరే ఉంటారు, ఒకరు నిలబడతారు. కూర్చున్నవాళ్లు తింటే పిల్లల భోజనమే చెంచాతో తినాలి, తినకపోయినా తప్పు లేదు. పిల్లల గదిలోకి బయటి తిండి, పచ్చళ్లు తేకూడదు.' వేరుశనగ, గుడ్డు, పాలు, చేపలు పడని పిల్లల పేర్లు వంటింట్లోనే అతికించండి, తల్లిదండ్రుల కళ్ల ముందు గోడ మీద కాదు. వాళ్ల పళ్లెం విడిగా, అందరికంటే ముందు వడ్డించండి.