కలిసి రాసే డాక్యుమెంట్‌లో ఒకరు పెట్టిన ఫాంట్‌ను ఇంకొకరు మార్చొచ్చా?

తాటాకు: మా నాన్న నోట్‌బుక్కుల్లో రాసుకున్న జ్ఞాపకాలను ఇంట్లో నలుగురం కలిసి గూగుల్ డాక్స్‌లో ఎక్కిస్తున్నాం. ఫాంట్ల జాబితాలో 'మోర్ ఫాంట్స్' నొక్కి, స్క్రిప్ట్ దగ్గర తెలుగు ఎంచుకుంటే మండలి, సూరన్న, గిడుగు, రామభద్ర, నోటో, ఇలా చాలా వస్తాయి. అన్నీ చూసి సూరన్న పెట్టాను. నిన్న తెరిస్తే 140 పేజీలూ నోటో సాన్స్‌లో ఉన్నాయి. తమ్ముడు మార్చాడట, 'చదవడానికి ఇదే హాయి' అంటున్నాడు. ఇది న్యాయమేనా?

వట్రసుడి: న్యాయమే. నేను ప్రూఫులు చూస్తాను, కాబట్టి చెప్తున్నా. డ్రాఫ్ట్‌లో అందరూ సులువుగా చదవగలిగే ఫాంట్ ఒకటే ఉండాలి, అందచందాలు చివర్లో చూసుకోవచ్చు. సూరన్నలో ఒక మాటకి బోల్డ్ కొట్టి చూడండి. దానికి ఒకటే మందం ఉంది, బోల్డ్ అక్షరాలు విడిగా గీయలేదు. సాఫ్ట్‌వేరే ఉన్న గీతను లావు చేసి చూపిస్తుంది, 'ణ' లోపలి సందులు పూడుకుపోతాయి. నోటో సాన్స్‌కి తొమ్మిది మందాలున్నాయి.

కీబోర్డ్_రాణి: లైన్ స్పేసింగ్ 1.15 మీదే ఉందా? 1.5 చేయండి. లేకపోతే కొన్ని ఫాంట్లలో 'స్వాతంత్ర్యం'లో ఒత్తులు కింది లైన్ గుడికి తగలొచ్చు.

తాటాకు: 140 పేజీల్లో నేను ఒక్క బోల్డ్ కూడా వాడలేదు. లేని బోల్డ్ గురించి ఎందుకండీ చర్చ?

వట్రసుడి: ఇప్పుడు వాడలేదు, రేపు అధ్యాయాల పేర్లకి వాడతారు. సరే, బోల్డ్ వదిలేయండి. వర్డ్ ఫైల్‌గా దించి పంపినప్పుడు అవతలివాళ్ల కంప్యూటర్‌లో ఆ ఫాంట్ లేకపోతే వేరేది వచ్చి కూర్చుంటుంది. పేజీలు జరిగిపోతాయి. నాకు జరిగింది కాబట్టే ఇంత గట్టిగా అంటున్నా. విషయసూచికలో పేజీ నంబర్లన్నీ తప్పితే రాత్రంతా కూర్చుని దిద్దాను, చివరికి మాట పడింది మాత్రం నేను.

తాటాకు: పీడీఎఫ్ చేస్తే ఫాంట్ ఫైల్‌తోపాటే వెళ్తుంది. పైగా ఇవన్నీ ఉచితంగా దింపుకునే ఫాంట్లే, ఇన్‌స్టాల్ చేసుకోమంటే సరిపోతుంది.

పాత_డీటీపీ: యూనికోడ్‌కి (ప్రతి అక్షరానికీ సొంత నంబరు ఇచ్చే పద్ధతి) ముందు మేము వాడిన ఫాంట్లలో తెలుగు అక్షరాలు ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో ఉండేవి. ఫాంట్ మారిస్తే పేజీ మొత్తం అర్థంలేని ఇంగ్లీషు అయ్యేది. ఇప్పుడు రూపం మారినా అక్షరం భద్రంగా ఉంటోంది. దానికి ఇంత గొడవ అక్కర్లేదని నా అభిప్రాయం.

తాటాకు: రూపమే కదా అని అందరూ తేలిగ్గా అనేస్తున్నారు. రూపం ముఖ్యం కాకపోతే తమ్ముడెందుకు మార్చినట్టు?

వట్రసుడి: చదవలేక! మీకు కళ్లు బాగున్నాయి కాబట్టి ఆ మాట తట్టదు. నాకు ఎడమ కంటికి ఆపరేషన్ అయింది. ఒక పుస్తకానికి 'ఈ ఫాంట్‌లో ఒత్తులు కనపడటం లేదండీ, మార్చండి' అని అడిగితే, 'మీ పని తప్పులు దిద్దడం, మిగతావి మీకెందుకు' అన్నారు. తర్వాత తప్పులు మిగిలాయని డబ్బు కోశారు. ఫాంట్ నా సొంతం అనేవాళ్లను చూస్తే అదే గుర్తొస్తుంది.

తాటాకు: మీకు జరిగింది అన్యాయమే. నన్ను వాళ్లతో కలపకండి. నాన్న 'క' రాస్తే తలకట్టు కుడివైపు కొద్దిగా పైకి లేస్తుంది. ఆయన పోయాక ఆ నోట్‌బుక్ స్క్రీన్ పక్కన పెట్టుకుని, ఆరు సాయంత్రాలు ఒక్కో ఫాంట్‌లో అదే పేజీ పెట్టి పోల్చుకున్నాను. అచ్చం అలాంటిది ఏదీ లేదు. నా కంటికి కాస్త దగ్గరగా అనిపించింది సూరన్నే. వాడు అడగకుండా ఒక్క క్లిక్‌తో తీసేశాడు.

పాత_డీటీపీ: ఇది ముందే చెప్పాల్సింది. నేను తొందరపడ్డాను.

వట్రసుడి: నోట్‌బుక్ సంగతి తమ్ముడికి తెలుసా?

తాటాకు: తెలియదు. చెప్పలేదు.

కీబోర్డ్_రాణి: వెర్షన్ హిస్టరీలో (డాక్యుమెంట్ పాత రూపాలు దాచి ఉండే చోటు) పాతది వెనక్కి తెచ్చుకోవచ్చు కానీ తొందరపడకండి, ఆ తర్వాత మిగతావాళ్లు టైప్ చేసింది కూడా అందులోంచి పోతుంది. మొత్తం సెలెక్ట్ చేసి ఫాంట్ మళ్లీ పెట్టుకోవడమే మేలు. ఇకముందు అందరినీ సజెస్టింగ్ మోడ్‌లో (మార్పులు సూచనలుగా మాత్రమే పడే పద్ధతి) రాయమనండి, అందులో ఎవరు ఫాంట్ మార్చినా పక్కన కనిపిస్తుంది, ఒప్పుకుంటేనే మారుతుంది.

వట్రసుడి: ముందు తమ్ముడికి ఫోన్ చేయండి. నా మాట మాత్రం మారదు. టైపింగ్ పూర్తయ్యేదాకా నోటోనే ఉంచండి, పుస్తకానికి సూరన్న పెట్టుకోండి.

తాటాకు: ఫోన్ చేస్తాను. నోటో మాత్రం ఉంచలేను. ఆ పేజీలు ఎక్కిస్తుంటే నాకు ఆ 'క' కనపడాలి.