చెవులకు మిషన్లు పెట్టుకుని ఆడియాలజీ ప్రొఫెసర్ అవ్వచ్చా?

రెండో ఏడు: నాకు రెండు చెవులకీ మిషన్లున్నాయి. ఆడియాలజీ, అంటే వినికిడి శాస్త్రం, చదువుతున్నా. పీహెచ్‌డీ చేసి పాఠాలు చెప్పాలని, వికలాంగుల హక్కుల కోసం పనిచేయాలని ఆశ. నిన్న ప్రాక్టికల్స్‌లో పేషెంట్ "పాలు" అన్నాడో "కాలు" అన్నాడో పట్టుకోలేకపోయా. పక్కనున్నామె కిసుక్కున నవ్వింది. ఈ చదువు నాకు పనికొస్తుందంటారా?

పాతచెవి: పాలు–కాలు దగ్గర నేనూ బోల్తాపడ్డవాణ్ణే. ఇరవై రెండేళ్లుగా పాఠాలు చెబుతున్నా. కుడిచెవి దాదాపు లేదు, ఎడమవైపు కాక్లియర్ ఇంప్లాంట్, అంటే ఆపరేషన్ చేసి లోపల అమర్చే వినికిడి పరికరం. స్పీచ్ టెస్టులో పేషెంట్‌ని మాట పలకమనను, రాయమంటాను, లేదా బొమ్మ చూపించమంటాను. మిషన్ సరిగ్గా అమరిందో లేదో చెవి కాలువలో సన్నటి ప్రోబ్ ట్యూబ్ పెట్టి, తెరమీద గీత చూసి చెప్తాను. నిజానికి అందరూ చేయాల్సిన పనే అది, చెవులు బాగున్నవాళ్లే బద్ధకిస్తారు. పొద్దున్నే వినికిడి కొలిచే ఆడియోమీటర్ హెడ్‌ఫోన్లలో గరగర ఉందేమో విని చూడటం మాత్రం సహోద్యోగికి వదిలేశాను. బదులుగా ఆయన గ్రాఫుల్లో తప్పులు నేను పడతాను.

హక్కుల పని అంటారా, నేనేం జెండా పట్టుకుని మొదలెట్టలేదు. మా మీటింగుల్లో ఒకరి మాట మీద ఇంకొకరు పడేవాళ్లు. "ఏమన్నారు?" అంటే "ఏం లేదు, తర్వాత చెప్తాలే" అనేవారు. ఆ తర్వాత ఎప్పుడూ రాలేదు. ఓ రోజు టేబుల్ మీద మైకు పెట్టి, అది ఎవరి చేతిలో ఉంటే వాళ్లే మాట్లాడాలన్నాను. నెల్లాళ్లు విసుక్కున్నారు. వినికిడి పాఠాలు చెప్పేవాళ్ల సంగతండీ ఇది!

చేతిమాట: నాది సైగభాష. మీ ఆడియాలజీ వాళ్లంటే మాకు కాస్త బెరుకే. 1880లో ఇటలీలోని మిలాన్‌లో బధిరుల చదువు మీద జరిగిన అంతర్జాతీయ మహాసభ, బధిరుల బడుల్లో సైగలు వద్దు, నోటిమాటే ముద్దు అని తీర్మానించింది. ఆ తీర్మానాలను అదే మహాసభ కాదనడానికి 2010 దాకా, కెనడాలోని వాంకూవర్ దాకా రావాల్సొచ్చింది. అమెరికాలో బధిరుల కోసమున్న గాలడెట్ యూనివర్సిటీ 1864లో పుట్టింది. 1988 మార్చిలో విద్యార్థులు గేట్లు మూసి వారం రోజులు పోరాడాకే దానికి మొదటి బధిర ప్రెసిడెంట్‌గా కింగ్ జోర్డాన్ వచ్చారు. హక్కులంటున్నారు, ముందు సైగభాష నేర్చుకోండి.

పాతచెవి: ఒప్పుకుంటాను. నేను నేర్చుకునేసరికి నలభై దాటాయి, వేళ్లు ఇప్పటికీ తడబడతాయి. ఆడియోగ్రామ్ (వినికిడి గ్రాఫు) గియ్యడం కంటే ముందు మిలాన్ సంగతే చెబుతాను మా పిల్లలకి.

రెండో ఏడు: బొమ్మల కార్డులు మా ల్యాబ్ బీరువాలోనే ఉన్నాయి, దుమ్ము పట్టి. ఇవాళ అదే పేషెంట్ ముందు పరిచా. ఆయన వేలు పాలగ్లాసు మీద పెట్టాడు.